‘పరిశోధన కొఱకు’ – ఒక విభక్తి, కొన్ని తిమింగలాలు



తిమిని మింగేది తిమింగిలం అని విగ్రహవాక్యం. తిమి అంటే మహామత్స్యం. దానిని మింగేదానికి ఈ పేరు పెట్టి ఊరుకోక, దీనిని కూడా మింగేదానికి తిమింగిలగిలం అని మరొక పేరు పెట్టారు మన పూర్వులు. వాడుకలో అది తిమింగలమైంది. పెద్ద చేప చిన్న చేపను మింగడమనే మత్స్యన్యాయం ఈ పేర్ల వెనుక ఉన్నది. కాని దక్షిణ ధ్రువ సముద్రంలో ఈ న్యాయం తలక్రిందులవుతుంది. మనకు తెలిసినంతలో భూమి మీద పుట్టిన ప్రాణులలో అతి పెద్దదైన నీలి తిమింగలం తినేది ప్రధానంగా క్రిల్ అనే జీవిని. చూడడానికి రొయ్యలా ఉండే ఆ ప్రాణి ఎంత పెరిగినా మన చిటికెన వ్రేలి పొడవు మించదు. ఈ తిమింగలం నోట పళ్ళు ఉండవు. జల్లెడ వంటి పలకలుంటాయి. నోటినిండా నీరు పట్టి, ఆ జల్లెడ గుండా బయటికి నెట్టి, మిగిలిన క్రిల్‌ను మింగుతుంది.

ఈ సంగతులన్నీ మనకు ఎవరు చెప్పారు? ఓడలెక్కి మంచుగడ్డల మధ్యకు వెళ్ళి, నెలల తరబడి ఇల్లు విడిచి, చలిలో నిలబడి చూసినవారు చెప్పారు. ఆ యాత్రల వృత్తాంతాలు చదువుతున్నకొద్దీ నా మనస్సును ఒక చిన్న తెలుగు ప్రత్యయం పట్టి పీడిస్తున్నది. అది ‘కొఱకు’. కొఱకు, కై అనేవి చతుర్థీ విభక్తి ప్రత్యయాలని చిన్న తరగతులలోనే నేర్పుతాము. ఎవరైనా ‘పరిశోధన’ అన్నప్పుడు ‘దేని కొఱకు?’ అని అడగకుండా ఆ మాటకు గౌరవం ఇవ్వరాదని నా అభిప్రాయం. ఎందుకంటారా, నాలుగు యాత్రల కథ చెబుతాను. తరువాత మీరే తర్కించండి.

మొదటిది డిస్కవరీ. 1901లో స్కాట్‌ను అంటార్కిటికాకు తీసుకువెళ్ళిన చెక్క ఓడ ఇదే. 1925లో దీనినే మళ్ళీ సిద్ధం చేసి తిమింగలాల పరిశోధనకు దక్షిణ సముద్రానికి పంపారు. యాత్రానాయకుడు స్టాన్లీ కెంప్. ఈయన అంతకుముందు చాలా ఏళ్ళు కలకత్తాలో, ఇండియన్ మ్యూజియంలోను, భారత జంతుశాస్త్ర సర్వేక్షణ సంస్థలోను పనిచేసినవాడు. రొయ్యల జాతి ప్రాణులలో నిపుణుడు. ఇచ్ఛాపురం, బరంపురం దాటి రైలులో ఉత్తరానికి పోయేవారికి కిటికీలోంచి కనబడే చిలికా సరస్సు ఉన్నది కదా, అందులోని జీవజాలాన్ని ఆనండేల్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి పరిశీలించి 1915లో ఫలితాలు ప్రకటించినవాడు. చిలికా రొయ్యలను ఎరిగిన కన్నే పదేళ్ళ తరువాత ధ్రువసముద్రపు క్రిల్‌ను చూసింది.

ఓడలో జంతుశాస్త్రజ్ఞులలో ముఖ్యుడు అలిస్టర్ హార్డీ. ఆయన ఆ రెండేళ్ళ అనుభవాలను 1967లో ‘గ్రేట్ వాటర్స్’ అనే గ్రంథంగా ప్రకటించాడు. ఆ ఓడ విపరీతంగా ఊగేది. నిర్ణయించిన ప్రతి చోటా ఓడను ఆపాలి. తీగకు సీసాలు కట్టి లోతుకు దింపాలి. ఏ లోతున నీరు ఎంత చల్లగా ఉన్నది, ఎంత ఉప్పగా ఉన్నది వ్రాసుకోవాలి. వలలు దింపి, పైకి లాగి, చిక్కిన సూక్ష్మప్రాణులను సీసాలలో భద్రపరచాలి. ఓడ పడుకోబెట్టినట్టు ఒరిగిపోతుంటే సూక్ష్మదర్శినిలో చూసి వాటి జాతులు గుర్తించాలి. ఇలా ఒకచోట కాదు, వందలచోట్ల. దీనికి తోడు హార్డీ తీరిక చేసుకొని నీటిరంగులతో సముద్రాన్ని, మంచుకొండలను చిత్రించేవాడు. ఓడ నడుస్తుండగానే సూక్ష్మజీవులను పట్టు గుడ్డల మధ్య వరుసగా చుట్టి దాచే యంత్రం ఒకటి కనిపెట్టాడు. ఆ యంత్రపు సంతతి నేటికీ వాణిజ్య నౌకల వెనుక తిరుగుతూనే ఉన్నది.

ఇంతవరకు ముచ్చటగా ఉన్నది. ఇప్పుడు ‘కొఱకు’ అడగాలి. ఈ పరిశోధనకు డబ్బు ఎక్కడిది? తిమింగలాల నూనె మీద విధించిన పన్ను. ఆ నూనెతో సబ్బులు, వెన్నకు బదులు వాడే మార్గరీన్ చేసేవారు. వేట ఇలాగే సాగితే తిమింగలాలు అంతరిస్తాయని, అవి అంతరిస్తే వ్యాపారమూ అంతరిస్తుందని భయపడి, ఎన్నింటిని చంపితే నిలకడగా చంపుతూ ఉండవచ్చునో తేల్చమని శాస్త్రజ్ఞులను పంపారు.

సౌత్ జార్జియా ద్వీపంలో గ్రిట్‌వికెన్ అనే వేటకేంద్రం 1904 నుండి ఉండేది. దానికి సమీపంలోనే డిస్కవరీ వారు ఒక పరిశోధనశాల కట్టుకున్నారు. మెకింటాష్, వీలర్ మొదలైన యువశాస్త్రజ్ఞుల పని ఓడ మీద కాక, తిమింగలాల కొవ్వు ఒలిచే చెక్కవేదిక మీద. నెత్తురుతోను, కొవ్వుతోను జారే పలకల మీద నిలబడి, కత్తులవాళ్ళు తమ పని చేసుకుపోతుండగా వాళ్ళకు అడ్డు రాకుండా పొడవు కొలవాలి, కడుపులో ఏమున్నదో చూడాలి, గర్భం ఉన్నదా లేదా వ్రాసుకోవాలి. ఆ దుర్గంధంలో రెండేళ్ళపాటు, దక్షిణాఫ్రికా తీరంలో పరిశీలించినవి కూడా కలిపి, 1600కు పైగా తిమింగలాలను వారు పరీక్షించారు. నీలి తిమింగలం, ఫిన్ తిమింగలాల గురించి 1929లో వారు ప్రకటించిన నివేదికను ఆ విషయంలో మూలగ్రంథంగా తరువాతివారందరూ గౌరవించారు.

వీరిని నేను నిందించను. ఆ తిమింగలాలను చంపినది శాస్త్రం కాదు. నూనె కోసం ఎలాగూ చంపినవాటి కళేబరాలనుండి వీరు కొంత జ్ఞానాన్ని దక్కించారు. కాని ఆ జ్ఞానం ఎంతవరకు ఉపయోగపడిందో చూడండి. 1925 ప్రాంతంలోనే వెనుకభాగంలో జారుడు వాలు ఉన్న కర్మాగార నౌకలు వచ్చాయి. తిమింగలాన్ని నడిసముద్రంలోనే ఓడపైకి లాగి ముక్కలు చేయవచ్చు. ఇక ద్వీపంతో పని లేదు, ద్వీపపు ప్రభుత్వం విధించే పరిమితులతోనూ పని లేదు. 1930–31 ఒక్క వేట ఋతువులోనే 29,000కు పైగా నీలి తిమింగలాలను చంపారు. శాస్త్రజ్ఞుని నివేదిక అచ్చయ్యేసరికి వేటగాడు నివేదికను దాటిపోయాడు.

ఆ కాలపు ఒక ఉపకరణం కథ చెబితే నా బాధ మీకు అర్థమవుతుంది. తిమింగలాలు ఎక్కడనుండి ఎక్కడికి ప్రయాణిస్తాయో తెలుసుకోవడానికి ఉక్కు గొట్టాలు తయారుచేసి, తుపాకీతో వాటి కొవ్వులోకి కొట్టేవారు. ఒక్కొక్క గొట్టం మీద ఒక సంఖ్య, లండన్ చిరునామా, తిరిగి పంపినవారికి బహుమానం ఇస్తామన్న మాట చెక్కి ఉండేవి. 1930లలో ఇలా వేలకొలది తిమింగలాలకు గుర్తులు వేశారు. అయితే ఆ గొట్టం బయటపడేది ఎప్పుడు? ఆ తిమింగలాన్ని ఎవరో చంపి, కోసి, కొవ్వు కాచినప్పుడు మాత్రమే. అది చచ్చిన తరువాతనే విప్పగలిగే ఉత్తరం. ఆ తిమింగలం బ్రతికినంతకాలం శాస్త్రానికి దాని గురించి ఒక్క ముక్క తెలియదు. దాని ప్రయాణం అర్థం కావాలంటే ప్రయాణం ముగియాలి.

రెండవది సోవియట్ నౌకాదళాల కథ. ఇందులో ‘కొఱకు’ మరింత ఘోరం. ప్రణాళికలో వ్రాసిన లక్ష్యాలు పూర్తిచేయడం కొఱకు ఆ ఓడలు రెండవ ప్రపంచయుద్ధానంతరం అంటార్కిటిక్ జలాలలో చట్టాన్ని లెక్కచేయకుండా వేటాడాయి. దక్షిణార్ధగోళంలో 1948–73 మధ్య తాము చంపిన మూపు తిమింగలాలు, అంటే హంప్‌బ్యాక్‌లు, 2,710 అని అంతర్జాతీయ సంఘానికి లెక్క చెప్పారు. నిజానికి చంపినవి 48,000కు పైగా. ఆ ఓడలలో కూడా శాస్త్రజ్ఞులు ఉండేవారు. పగలంతా వేదిక మీద నిలబడి కొలిచేవారు. నిజమైన లెక్కలు రహస్యం, బయటకు పోయేవి దొంగలెక్కలు.

వారిలో ద్మిత్రీ తొర్మొసొవ్ అనే ఆయన యూరీ దొల్గొరూకీ అనే నౌకలో పనిచేశాడు. నాశనం చేయవలసిన అసలు పత్రాలను ఆయన నాశనం కానివ్వలేదు. తన ఇంటి బంగాళాదుంపల నేలమాళిగలో దాచాడు. సోవియట్ యూనియన్ పోయిన తరువాత 1993లో అలెక్సీ యాబ్లొకొవ్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మోసాన్ని లోకానికి వెల్లడించగా, ఇలా దాచిన పత్రాలే దానికి ఆధారాలయ్యాయి. అవి లేకపోతే నేడు తిమింగలాల పూర్వసంఖ్యను గణించేవారి గణితమంతా తప్పుల తడకగా ఉండేది. ఆ ఓడ పని ఏ లక్ష్యం కొఱకైనా కావచ్చు. ఆయన పని మాత్రం నిజం కొఱకు. శాస్త్రజ్ఞుడనే మాటకు నా మనస్సులో ఉన్న అర్థానికి, ఆ దుంపల గదికి చాలా దగ్గర సంబంధం ఉన్నది.

మూడవది జపాన్ కథ. వాణిజ్యపు వేటను నిలిపివేయాలని అంతర్జాతీయ తిమింగల వేట సంఘం 1982లో తీర్మానించింది. 1985–86 నుండి అది అమలులోకి వచ్చింది. కాని 1946నాటి మూల ఒడంబడిక ఎనిమిదవ అధికరణంలో, శాస్త్ర పరిశోధన నిమిత్తం తిమింగలాలను చంపడానికి ఏ ప్రభుత్వమైనా అనుమతి ఇవ్వవచ్చునని ఉన్నది. 1987 నుండి జపాన్ ఆ అధికరణం క్రింద అంటార్కిటిక్‌కు ఓడలు పంపింది. నిష్షిన్ మారు అనే కర్మాగార నౌక ప్రక్కభాగం మీద ‘పరిశోధన’ అనే మాటను ఇంగ్లీషులో ఆమడ దూరానికి కనబడేంత అక్షరాలతో వ్రాశారు. 2005 వరకు జరిగిన మొదటి కార్యక్రమంలో 6,700కు పైగా మింకీ తిమింగలాలను చంపారు. ఆ తరువాత రెండవ కార్యక్రమం మొదలైంది. మాంసం బజారుకు వెళ్ళింది.

ఆస్ట్రేలియా 2010లో అంతర్జాతీయ న్యాయస్థానంలో దావా వేసింది. 2014 మార్చి 31న తీర్పు వచ్చింది. 12 మంది న్యాయమూర్తులు ఒక ప్రక్క, 4గురు మరొక ప్రక్క. మన దేశానికి చెందిన దల్వీర్ భండారీ గారు ఆ పన్నెండుగురిలో ఒకరు. భాష బోధించేవారందరూ ఈ తీర్పును చదవాలని నా మనవి. న్యాయస్థానం ఏమన్నదంటే, రెండవ కార్యక్రమంలో జరుగుతున్న పనులను స్థూలంగా శాస్త్ర పరిశోధన అనవచ్చు, కాని ఆ అనుమతులు శాస్త్ర పరిశోధన ‘నిమిత్తం’ ఇచ్చినవి కావు. అంటే నామవాచకం చెల్లింది, చతుర్థి చెల్లలేదు! 3,600 మింకీలను చంపిన మీదట ఆ కార్యక్రమం నుండి పండితుల సమీక్షకు నిలిచి వెలువడిన వ్యాసాలు రెండు మాత్రమే కనిపించాయని కూడా న్యాయమూర్తులు గమనించారు. చంపకుండా ఈ ప్రశ్నలకు సమాధానాలు దొరుకుతాయా అని ముందుగా ఆలోచించిన జాడ కూడా సరిగా లేదన్నారు.

ఇక్కడ ఒక ఆక్షేపణ ఉన్నది. మేకను తింటాము, చేపను తింటాము, తిమింగలం మీద మాత్రం జాలి ఎందుకని జపాన్ వారే కాదు, మనవారూ అడుగుతారు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. నా తగవు మాంసంతో కాదు. తినాలనుకుంటే తింటామని చెప్పవచ్చు. 2019 జూన్ 30న జపాన్ అంతర్జాతీయ సంఘం నుండి వైదొలగి, అంటార్కిటిక్ వేట మాని, తన సొంత సముద్రజలాలలో వాణిజ్యపు వేట బాహాటంగా మొదలుపెట్టింది. ఆ వేట నాకు సమ్మతం కాదు. అయినా ఓడ మీద అబద్ధపు మాట వ్రాసుకొని చంపడం కంటే, దానికి అసలు పేరు పెట్టి చేయడంలో కొంత నిజాయితీ ఉన్నదని ఒప్పుకుంటాను. జపాన్ పట్ల మరొక న్యాయం కూడా చెప్పాలి. అంతర్జాతీయ సంఘం 1978 నుండి మూడు దశాబ్దాలపాటు ఏటేటా అంటార్కిటిక్‌లో తిమింగలాలను చంపకుండా, చూసి లెక్కపెట్టే యాత్రలు జరిపింది. వాటికి ఓడలనిచ్చినది ప్రధానంగా జపానే. ఆ ఓడల మీద దూరదర్శినులు పట్టుకొని నిలబడినవారి లెక్కలవల్లనే నీలి తిమింగలాలు కొద్దికొద్దిగా కోలుకుంటున్నాయని తెలిసింది. వేటకు ముందు అంటార్కిటిక్ నీలి తిమింగలాలు 2,39,000 వరకు ఉండేవని అంచనా. 1970ల తొలినాళ్ళకు అవి 360 ప్రాంతానికి పడిపోయాయి. 1998 నాటికి సుమారు 2,280. ఒకే దేశం, ఒకే సముద్రం, రెండు రకాల ఓడలు. తేడా అంతా ‘కొఱకు’లోనే.

నాల్గవది 2013నాటి యాత్ర. న్యూజిలాండ్ నుండి అమల్టాల్ ఎక్స్‌ప్లోరర్ అనే ఓడలో ఆస్ట్రేలియా ఆధ్వర్యాన శాస్త్రజ్ఞులు బయలుదేరి, ఏడు వారాలు అంటార్కిటిక్ సముద్రంలో గడిపారు. వేలాది మైళ్ళ సముద్రంలో రెండువేల చిల్లర తిమింగలాలను వెదకడం ఎలా? వారు విన్నారు. జలాంతర్గాముల చప్పుడు పసిగట్టడానికి సైన్యాల కొఱకు చేసిన సోనోబాయ్‌లు అనే శబ్దగ్రాహకాలను నీటిలోకి వదిలారు. అంటార్కిటిక్ నీలి తిమింగలం కూత ఇరవై ఆరు ఆవృత్తుల ప్రాంతంలో మొదలై, మన చెవికి అందని మంద్రస్థాయికి దిగిపోతుంది. నిమిషానికొకసారి వంతున ఆ కూత మళ్ళీ మళ్ళీ వస్తుంది. నీటిలో వందల కిలోమీటర్లు పోతుంది. కూత ఏ దిక్కునుండి వచ్చినదో చూసి, ఓడను అటు త్రిప్పి, మరొక గ్రాహకం వదిలి, మళ్ళీ విని, ఇలా రాత్రింబవళ్ళు వంతులవారీగా చెవులకు యంత్రాలు తగిలించుకొని కూర్చున్నారు. మొత్తం 626 గంటల శబ్దం. అందులో 26,545 కూతలు గుర్తించారు.

మన తార్కికులు శబ్దప్రమాణం అన్నది ఆప్తవాక్యాన్ని గురించి. ఇక్కడ చెవికి తెలిసినది ప్రత్యక్షం, దానివల్ల దిక్కు తేల్చుకోవడం అనుమానం. అయినా శబ్దప్రమాణమనే మాటకు ఇంత అక్షరార్థం నాకు మరెక్కడా కనబడలేదు.

తిమింగలం దగ్గరపడ్డాక చిన్న పడవలు దింపారు. ఒంటి మీది మచ్చలను బట్టి ఏది ఏదో గుర్తించడానికి ఫోటోలు తీశారు. 57 తిమింగలాలను అలా గుర్తించారు. చిన్న బాణంతో గోటి చివరంత చర్మం తీసుకున్నారు, 23 నమూనాలు. రెండింటికి ఉపగ్రహానికి సంకేతాలు పంపే పరికరాలు తగిలించారు. తరువాత తిమింగలం తన దారిన తాను పోయింది. 1930లనాటి ఉక్కు గొట్టం చచ్చాక చెప్పిన మాటను ఈ పరికరం బ్రతికుండగానే చెబుతుంది.

చంపకపోతే వయస్సు ఎలా తెలుస్తుందని వేట పక్షంవారు చాలాకాలం వాదించారు. తిమింగలం చెవిలోని గుబిలి బిళ్ళ పొరలను లెక్కించి వయస్సు కట్టేవారు. దానికి తల కోయాలి. కాని 2014లో, న్యాయస్థానం తీర్పు వచ్చిన ఆ సంవత్సరంలోనే, మూపు తిమింగలం చర్మపు ముక్కలోని డి.ఎన్.ఏ. గుర్తులనుండి వయస్సు అంచనా వేయవచ్చునని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు నిరూపించారు. గర్భం సంగతి కొవ్వులోని హార్మోన్లు చెబుతాయి. తిండి సంగతి మలం చెబుతుంది. తప్పదు అన్నవారికి, తప్పుతుందని చూపినది కూడా శాస్త్రమే. తేడా ఏమంటే దీనికి ఓపిక కావాలి. మంచుపొగ పట్టినప్పుడు ఊరక కూర్చోవాలి. గాలి హెచ్చినప్పుడు పడవ దింపకూడదు. వారమంతా విని ఒక్క తిమింగలాన్నీ చూడకపోయినా, చూడలేదనే వ్రాసుకోవాలి. ఫిరంగి ఉన్నవాడికి ఈ ఓపిక అవసరం లేదు.

కనుక నా అభిప్రాయం సంగ్రహంగా ఇది. పరిశోధకునికి జీతం ఎవరిస్తున్నారు, వచ్చే సమాధానంవల్ల ఎవరికి లాభం, సమాధానం వ్యతిరేకంగా వస్తే ఆ పని ఆగుతుందా – ఈ మూడు ప్రశ్నలు ప్రతి పరిశోధననూ అడగాలి. మూడవదే ముఖ్యం. ఏ సమాధానం వచ్చినా ఆగని పనిని పరిశోధన అనరాదు. ఈ ప్రశ్నలకు నేటికీ కాలదోషం పట్టలేదు. అంటార్కిటిక్‌లో తిమింగలాల వేట ఆగినది గాని, చేపల పెంపకానికి మేతగాను, మనుషులకు నూనె గుళికలుగాను అమ్మడానికి ఆ తిమింగలాల తిండి అయిన క్రిల్‌నే పెద్ద ఓడలు పడుతున్నాయి. ఎంత పడితే ప్రమాదం లేదని చెప్పే పరిశోధనలు ముందు ముందు ఎన్నో వస్తాయి. చదివేటప్పుడు విభక్తి ప్రత్యయం మీద ఒక కన్ను వేసి ఉంచండి.

సౌత్ జార్జియా చుట్టూ 1904–1971 మధ్య 42,000కు పైగా నీలి తిమింగలాలను చంపారు. ఆ తరువాత దశాబ్దాలపాటు ఆ ద్వీపం దగ్గర అవి కనబడడమే అపురూపమైంది. 2020లో బ్రిటిష్ అంటార్కిటిక్ సర్వే ఆధ్వర్యాన అక్కడ 23 రోజులు చూసిన ఓడకు 36 సార్లు నీలి తిమింగలాలు కనిపించాయి, మొత్తం 55. మెకింటాష్, వీలర్ ఒకప్పుడు జారే పలకల మీద నిలబడి కొలిచిన ద్వీపపు నీళ్ళే అవి. ఈ యాభై అయిదింటిని ఎవరూ టేపు పెట్టి కొలవలేదు. అవి ఊపిరి విడిచినప్పుడు లేచిన నీటితుంపరను దూరం నుండి చూసి లెక్కపెట్టారు.

మీ అభిప్రాయాలు, ముఖ్యంగా నాతో విభేదించేవి, తెలియజేయగలరు.

స్వస్తి.